పద్నాలుగు నెలల సగం వాటా

గద్వాలలో మా ఇల్లు నూట నలభై గజాల స్థలంలో ఉండేది. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా. స్థలం 2001లో ఇద్దరి పేర్ల మీద కొన్నాం. ఇల్లు కట్టడానికి 2002 జూన్‌లో బ్యాంకు రెండు లక్షల యాభై వేలు అప్పిచ్చింది. పదిహేనేళ్ల గడువు, నెలకు రెండు వేల ఆరు వందల తొంభై రూపాయల వాయిదా. ఆ అప్పూ ఇద్దరి పేర్ల మీదే. కాగితంలో మొదటి పేరు నా భర్తది, రెండోది నాది. కానీ వాళ్లు చూసింది నా జీతం. నేను ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రంలో ఏ.ఎన్.ఎం.గా పనిచేసేదాన్ని. ఆయన పత్తి విత్తనాల ఆర్గనైజరు. కంపెనీ ఇచ్చిన అడ్వాన్సు రైతులకు పంచి, పంట వచ్చాక విత్తనం పోగుచేసి కంపెనీకి అప్పగించేవాడు. విత్తనం పరీక్షలో నిలిస్తేనే డబ్బు వచ్చేది.

ముందు గదిలో షాబాదు బండలు నేనే దగ్గరుండి పరిపించాను. నలభై ఎనిమిది బండలు. ఒకటి మూల విరిగి వస్తే తాపీమేస్త్రీ సిమెంటు పూసి సర్దుతానన్నాడు. నేను వినలేదు. కొత్తది తెప్పించాకే పని సాగింది. మాకు పిల్లలు లేరు. ఇన్నేళ్ల కాపురానికి మిగిలిందేమిటని ఎవరైనా అడిగితే ఆ ఇంటినే చూపించగలిగేదాన్ని.

2004లో ఆయన వనపర్తిలో ఇంకో కాపురం పెట్టాడు. ఆ సంగతి ఇంతకంటే రాయను. నవంబరు 21, ఆదివారం నాడు కులపెద్ద ఇంటి ముందు పంచాయితీ కూర్చుంది. మా వైపు పద్ధతి ప్రకారం కూర్చోకముందే ఇద్దరి దగ్గరా చెరో పదివేలు ధరావతు తీసుకున్నారు. మాట తప్పినవాళ్ల పదివేలు రెండోవాళ్లకు పోతాయని చెప్పారు.

ఇంటి మాట రాగానే ఆయన తరఫున వచ్చిన ఒకతను అన్నాడు, "పిల్లల్లేని మనిషికి గింత ఇల్లెందుకు? తమ్ముని ఇంట్ల ఒక మూలకు ఉంటె సరిపోదా?"

"బిడ్డలు లేకుంటె ఏమాయె, నడుం లేదా నాకు? యాడనో ఒక తాన పండాలె గద" అన్నాను. నలుగురు నవ్వారు. ఆయన నవ్వలేదు.

సాయంత్రానికి వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాశారు. ఇంట్లో నేనుండాలి. మిగిలిన వాయిదాలు చెరి సగం కట్టాలి. అప్పు తీరిన రోజు ఆయన తన హక్కు వదులుకుంటూ నా పేరు మీద రిజిస్ట్రీ చేయాలి. ఇద్దరం సంతకాలు పెట్టాం. కాగితం మూడుసార్లు చదివాను. అక్షరం తప్పు కనపడలేదు.

నాది టీకాల రిజిస్టరు రాసిన చెయ్యి. తేదీ ఒకటి తప్పితే ఎక్కడో ఒక పసిబిడ్డకు మోతాదు తప్పుతుందని ఇరవై ఆరేళ్లు భయపడుతూ రాసిన చెయ్యి. అందుకే డిసెంబరు 6న బ్యాంకుకు వెళ్లాను. వాయిదా కట్టాల్సిన ఐదో తేదీ ఆదివారం వచ్చింది, లేకపోతే ఐదునే వెళ్లేదాన్ని. రెండు వేల ఆరు వందల తొంభైలో సగం పదమూడు వందల నలభై ఐదు. చలానా వెనక, రసీదు ముక్క మీద కూడా, "నా సగం వాటా" అని రాసి కౌంటరులో ఇచ్చాను.

క్యాషియరు తిప్పి చూశాడు. "మేడం, వాయిదా ఇంత కాదు గద?"

"నా వంతు ఇంతే. తతిమ్మది ఇంకో మనిషి కడ్తడు."

"కట్టకపోతె?"

"ఆయనను అడగున్రి."

అతను ముద్ర వేసి రసీదు చింపి ఇచ్చాడు. ప్రతి నెలా అలాగే కట్టాను. ఒకసారి జ్వరంతో ఆటోలో వెళ్లి కట్టి వచ్చాను. ఆయన కడుతున్నాడా లేదా అని అడగలేదు. నా పని నేను చేస్తున్నాను, ఆయన పని ఆయన చేయాలి, చేయకపోతే పదివేలు పెద్దమనిషి దగ్గరున్నాయి. నా లెక్కంతా అదే.

మధ్యలో బ్యాంకు నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడింటి మీదా పైన ఆయన పేరే ఉంది. పరాయివాళ్ల ఉత్తరం విప్పే అలవాటు నాకు లేదు. పేరు పక్కన వనపర్తి చిరునామా రాసి మూడూ పోస్ట్‌మన్‌కే తిరిగి ఇచ్చాను. ఏ తేదీన ఇచ్చానో పుస్తకంలో రాసుకున్నాను కూడా.

2006 ఫిబ్రవరి 3, శుక్రవారం. పల్లెల్లో తిరిగి మూడున్నరకు ఇంటికి వచ్చేసరికి తలుపుకు కాగితం అంటించి ఉంది. ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అరవై రోజుల్లో మొత్తం బాకీ రెండు లక్షల నలభై ఒక్క వేల మూడు వందల అరవై కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని రాసి ఉంది. ఎదురింటామె గుమ్మంలో నిలబడి నేను చదివే దాకా చూసి లోపలికి వెళ్లింది.

మర్నాడు రసీదులన్నీ పట్టుకుని బ్యాంకుకు పోయాను. పద్నాలుగు. లోన్ల ఆఫీసరు వాటిని చూసి, పెద్ద పుస్తకం తిప్పి, ఒక అంకె మీద వేలు పెట్టాడు. పంచాయితీ అయిన నెలలో బాకీ రెండు లక్షల ముప్పై వేల నూట తొంభై రెండు. నేను పద్నాలుగు నెలల్లో కట్టింది పద్దెనిమిది వేల ఎనిమిది వందల ముప్పై. అయినా బాకీ తగ్గలేదు, పదకొండు వేలకు పైగా పెరిగింది.

"ఎట్ల పెరుగుతది సార్? ఒక్క నెల గుడ తప్పలె నేను."

"మిత్తే నెలకు పందొమ్మిది వందల దాకా ఉన్నదమ్మా. మీరు కట్టింది మిత్తికే సాలలె, అసలు దాకా యాడ పోతది? మాకు సగాలు ఉండవు. లోను ఒకటే. ఇద్దర్ల ఎవరు కట్టినా కట్టినట్టే, ఎవరు కట్టకున్నా ఇద్దరు కట్టనట్టే."

నెలకు పందొమ్మిది వందల వడ్డీ. పదో తరగతి లెక్క. ఒక్కసారి కూడా వేసి చూసుకోలేదు.

అతను మంచివాడే. గొంతు తగ్గించి చెప్పాడు. ఆగిన వాయిదాలూ జరిమానా కలిపి ఇరవై ఒక్క వేల మూడు వందలు. అది ఈ నెలాఖరులోపు కడితే పై ఆఫీసుకు రాసి నోటీసు వెనక్కి తీయిస్తానన్నాడు. "ముందుగాల కట్టున్రి, తర్వాత మీరు మీరు చూసుకోండ్రి" అన్నాడు.

ఆ రోజు నా ప్రావిడెంట్ ఫండులో అరవై నాలుగు వేలు ఉన్నాయి. దరఖాస్తు పెడితే వారంలో వచ్చేవి. నేను పెట్టలేదు. ఆ నెల నా సగం కూడా ఆపాను. ఆయన ఎగ్గొట్టిన దానికి నా డబ్బు ఎందుకు పెట్టాలి? పెడితే ముందు ఆయన చేత రాయించుకునే పెట్టాలి. అలా అనుకుని 16న వనపర్తి బస్సెక్కాను.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వరండాలో పరీక్షలో పోయిన విత్తనాల సంచులు పేర్చి ఉన్నాయి. ఆయన లేడు. ఆమె ఉంది. నన్ను చూడగానే ఎవరో పోల్చుకుంది.

"లోపలికి రా అక్కా. చాయ్ తాగుతవా?"

వద్దన్నాను. నీళ్లు తెచ్చింది, తాగాను. అల్మారాలో నా చేతిరాతతో ఉన్న మూడు కవర్లూ కనిపించాయి. ఎవరూ విప్పలేదు. ఆయన గంట తర్వాత వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం తెల్లబడింది.

"రెండు సీజన్లాయె, సీడు ఫెయిలైంది. రైతులు ఇంటి మీదికొస్తున్నరు. యాడికెళ్లి కట్టమంటవ్?" అన్నాడు.

"గట్లయితె నీ హక్కు వదులుకున్నట్టు రాసియ్యి. మొత్తం నేనే కట్టుకుంట."

"వదులుకుంటె నాకేం మిగుల్తది? ఇల్లు అమ్ముదం. సగం నీకు, సగం నాకు."

"పంచాయితీల ఏమన్నరు?"

"పంచాయితీ మాట పంచాయితీలనే మాట్లాడుదం తియ్యి."

మళ్లీ పంచాయితీ మార్చి 5న కూర్చుంది. అప్పటికి బ్యాంకువాళ్ల నెలాఖరు దాటిపోయింది. నేను ధీమాగానే వెళ్లాను. పద్నాలుగు రసీదులూ తేదీల వరసలో చాప మీద పరిచాను. పెద్దమనిషి కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే తీసి చూశాడు. వెనక్కి తిప్పాడు.

"ఇదేంది బిడ్డా? అన్నిట్ల 'నా సగం వాటా' అని రాసినవ్?"

"అవు పెద్దనాయనా. సగమే గద నేను కట్టాల్సింది."

ఆయన తరఫు మనిషి అందుకున్నాడు. "సూడున్రి. ఆమెనే ఒప్పుకుంటుంది. సగం ఆమెది అంటె తతిమ్మ సగం ఎవరిది? మావోనిదే గద! పద్నాలుగు సార్లు రాసిచ్చింది, బ్యాంకోళ్ల ముద్ర గుడ ఉన్నది."

"సగం వాయిదా అని రాసిన. సగం ఇల్లు అని రాయలె."

"గట్ల ఏడ రాసినవ్? సూపియ్యి."

చూపించడానికి లేదు. పెద్దమనిషి స్టాంపు కాగితం మడిచి నా చేతికిచ్చాడు. "అప్పు తీరినంక రిజిస్ట్రీ అన్నం. అప్పు తీరలె. తీరనప్పుడు ఇల్లు ఇద్దరిదే బిడ్డా. బ్యాంకోడు గుంజుకునేదాన్కంటె అమ్ముకునుడు మంచిది."

"మరి ఆయన ధరావతు? మాట తప్పినోని పదివేలు నాకు రావాలె."

పెద్దమనిషి అటూ ఇటూ చూశాడు. "ఆ పైసలు ఇంక యాడున్నయి? రెండుసార్లు కూసునుడుకు, బండ్లకు, బువ్వలకు అయిపాయె." నా పదివేలు కూడా అందులోనే పోయాయి.

ఇంటిని ఐదు లక్షల ఎనభై వేలకు బేరం చేశారు. కొన్నది చీరల వ్యాపారి. బయానా బ్యాంకులో కట్టినందుకు వాళ్లు మే దాకా ఆగారు. మే 22న రిజిస్ట్రారు ఆఫీసులో ఆయనా నేనూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వేలిముద్రలు తీసుకునే గుమాస్తాకు మా సంగతి తెలియదు. "జర దగ్గరికి జరగమ్మా, సారు పక్కకు" అన్నాడు. జరిగాను. ఇద్దరి బొటనవేళ్లకూ ఒకే సిరా దిండు.

బ్యాంకుకు పోయింది రెండు లక్షల నలభై ఏడు వేల నాలుగు వందలు. మిగిలింది మూడు లక్షల ముప్పై రెండు వేల ఆరు వందలు. చెరి లక్షా అరవై ఆరు వేల మూడు వందలు. బయట మెట్ల మీద ఆయన తన కట్టలోంచి లెక్కపెట్టి నాకిచ్చాడు. పద్దెనిమిది వేల ఎనిమిది వందల ముప్పై. ముప్పైకి మూడు పదులు విడిగా ఉన్నాయి.

"నువ్వు కట్టినవి. నాకు నీ బాకీ వద్దు" అన్నాడు.

అది సరైన లెక్క కాదు. నేను కట్టింది ఇద్దరి అప్పుకు, కాబట్టి ఆయన తిరిగి ఇవ్వాల్సింది అందులో సగమే. తొమ్మిది వేల నాలుగు వందల పదిహేను ఉంచుకుని తక్కినవి వెనక్కి ఇచ్చాను. ఆయన దగ్గర ఐదు రూపాయల చిల్లర లేదు, నేనే వెతికి ఇచ్చాను.

ఆయన ఆ నోట్లు చేతిలో పట్టుకుని నన్ను చూశాడు. "ఒక్క రూపాయి ఎక్కువ గుడ వద్దు నీకు. నెలకు పదమూడు వందలు నా దిక్కువి గుడ కట్టి ఉంటె ఇల్లు నీ చేతుల ఉండేది గద."

"నీ దిక్కువి నేనెందుకు కడ్త?"

"అదే అంటున్న" అని మెట్లు దిగి వనపర్తి బస్సు వైపు వెళ్లాడు.

ఆ జూలైలో నాగర్‌కర్నూలుకు బదిలీ చేయించుకున్నాను. ఒక గది, నెలకు ఏడు వందల అద్దె. మరుసటి ఏడాది జీతం బకాయిల కాగితాల కోసం గద్వాల వెళ్లినప్పుడు ఆ వీధిలోంచే నడిచాను. తలుపు తీసి ఉంది. ముందు గదిలో రెండు మగ్గాలు దించారు. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంటల కోసం బండలు లేపి బయట గోడకు ఆనించారు. లెక్కపెట్టాను. ఇరవై రెండు. మూడు విరిగాయి. మగ్గం మీది మనిషి తలెత్తి, "ఎవరు కావాలమ్మా?" అన్నాడు.

ఎవరూ వద్దని చెప్పాను.