మనిషి అడుగు పడని సరస్సూ, పులిహోరా

ఎనభైల్లో అమెరికాలోని రెడ్‌మండ్‌లో కాపురమున్నప్పుడు నాకో పిచ్చి పట్టింది. వీపున సంచీ తగిలించుకుని దేశాలు తిరిగేవాళ్ల ఇంగ్లీషు నవలలు లైబ్రరీ నుంచి తెచ్చి వరసపెట్టి చదివేదాన్ని. అన్నిట్లోనూ చివరికి హీరోకి మనిషి అడుగు పడని సముద్రతీరం ఒకటి దొరుకుతుంది. అక్కడ తాతల నాటి నుంచీ చేపలు పట్టుకునేవాళ్లు ఉంటారు గానీ, రచయిత వాళ్లను కొబ్బరిచెట్లలో జమకట్టేస్తాడు. పైగా ఆ హీరోకి ఆకలన్నది వెయ్యదు.

నేనూ అలాంటి నవల ఒకటి మొదలుపెట్టాను. మన దేశంలో ఓ వారపత్రిక సీరియల్‌గా వేస్తామంది. నా హీరోయిన్ కొండల్లో ఎవరూ చూడని సరస్సు చేరాల్సిన చోట కలం ఆగిపోయింది. అలాంటిదాన్ని కళ్లారా చూస్తే గాని రాయలేనని మా ఆయన ప్రాణం తీశాను.

"సరే, వీకెండ్ డ్రైవ్ చేసుకుని వెళ్దాం. రాత్రే పులిహోర కలిపెయ్," అన్నారు.

"స్వర్గానికి పులిహోర మూటకట్టుకుని ఎవరైనా వెళ్తారాండీ? బ్రెడ్ చాలు."

ఆయన ఆఫీసులో ఎవరో చెప్పిన కొండ అది. దారి చూపే బోర్డు కూడా లేదు. సగం ఎక్కేసరికే బ్రెడ్ అయిపోయింది. మధ్యాహ్నానికి చెట్ల సందుల్లోంచి నీళ్లు కనిపించాయి. పచ్చగా, కదలకుండా, అచ్చం నేను రాయాలనుకున్నట్టే ఉన్నాయి. సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు ఇంగువ వాసన తగిలింది.

బండ మీద దుప్పటి పరుచుకుని, స్టీలు క్యారియర్ విప్పుకుని ఓ జంట కూర్చున్నారు. ఆవిడ నా బొట్టు చూసింది, నేను ఆవిడ క్యారియర్ చూశాను. ఇద్దరి మొహాలూ ఒక్కసారే వాడిపోయాయి.

"ఏటా వస్తామండీ," అంది ఆవిడ నీరసంగా. "మీరొచ్చేదాకా నరమానవుడు కనపళ్లేదు."

అంత కొండెక్కి, తీరా ఇంకొకరి స్వర్గం పాడుచేసినదాన్ని నేనయ్యాను. ఒళ్లు మండిపోయింది. ఆవిడ మాత్రం ఉండబట్టలేక, "మీది ఏ ఊరండీ?" అని అడిగేసింది. తెనాలి అన్నాను. వాళ్ల పిన్నిగారిదీ తెనాలేనట. ఇంకేముంది, కాగితం పళ్లెంలో పులిహోర పెట్టి మా ఆయన చేతికిచ్చింది. ఆయన నా వైపు చూడకుండా తిన్నారు. నేనైతే రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాను.

మర్నాడే ఆ ప్రకరణం రాసేశాను. సరస్సు ఒడ్డున నా హీరోయిన్ ఒంటరిగా నిలబడింది, కనుచూపు మేర మనిషి లేడు. మా ఆయన చదివి, "పులిహోర వాళ్లేరీ?" అన్నారు.

"చెట్లలో కలిపేశాను," అన్నాను.