చేతులు వెనక్కి పెట్టించిన మాస్టారు

సోమవారం పొద్దున మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒక కబురు వచ్చింది. "తనంతట తానే నడిచే చెరకు రోబో సృష్టికర్త, నర్సీపట్నం ముద్దుబిడ్డ ఇక లేరు." కింద కాలేజీ ముద్ర. ఆ వాక్యంలో నిజం చివరి రెండు మాటలే. ఆ రోబో తనంతట తాను నడవలేదు. దాన్ని చేసింది ఆయన కాదు, ఆయన విద్యార్థిని. ఇక ముద్దుబిడ్డ సంగతి. ఆ కాలేజీ ఆయన్ని గేటు లోపలికి రానివ్వడం మానేసి ఏడాది దాటింది.

చావు కబుర్లలో అబద్ధాలు నాకు కొత్త కాదు. పేపరు విలేకరిగా చాలా చూశాను. ఇది చదివాక మాత్రం చేతిలోని కాఫీ తాగబుద్ధి కాలేదు.

మాస్టారు మా పక్కింటాయన. ఊరి బయటి ఇంజనీరింగ్ కాలేజీలో ఎంటెక్, పీహెచ్‌డీ చేసే పిల్లలకు గైడు. బండి తన కెమెరాతో దారిని ఎలా పోల్చుకోవాలి, పోల్చుకున్న దారిలో ఎలా నడవాలి, చక్రాన్ని ఎంత తిప్పాలి అన్నది ఆయన చేయించే పరిశోధన. నాకు తెలిసేలా చెప్పమంటే, "కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో మీరెలా నడుస్తారో అదేనండి" అనేవారు.

ఆయనకో నియమం ఉండేది. బండిని పరీక్షించేటప్పుడు దాని రిమోట్ తన మెడలో వేసుకునేవారు. చుట్టూ ఉన్న పిల్లలంతా చేతులు వెనక్కి కట్టుకోవాలి. ఎవరూ చాటుగా నడపలేదని అందరికీ కనపడాలి కదా. ఆ రిమోట్ తీయడం మరిచిపోయి ఒకసారి కూరగాయల బజారుకు వచ్చేశారు. వంకాయలమ్మే ఆవిడ ఊరుకోలేదు. "ఏటి మాస్టారూ, టీవీ రిమోట్ మెళ్లో ఏసుకొచ్చేసేరు, అమ్మగారు సీరియల్ సూడకుండానా?" అంది. మాస్టారు నవ్వి, మరో అరకిలో తూచమన్నారు.

నాతవరం దగ్గర పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చే అమ్మాయి ఆయన దగ్గర ఎంటెక్ చేసేది. చెరకు సాళ్ల మధ్య తిరుగుతూ తెగులు పట్టిన ఆకుల్ని ఫొటో తీసే బండి ఆమె ప్రాజెక్టు. వాళ్ల నాన్న చెరకు తోటలోనే పరీక్షలు. గాలి లేనప్పుడు బండి చక్కగా వెళ్లేది. గాలి వీచి ఆకులు ఊగితే, ఎదురుగా ఏదో అడ్డం ఉందనుకుని ఆగిపోయేది. నేను చూడటానికి వెళ్లిన రోజున పదేపదే ఆగింది. అమ్మాయి ముఖం చిన్నబోయింది. గట్టు మీద కూర్చున్న వాళ్ల నాన్న, "మా దున్నపోతూ ఇంతే మాస్టారూ, గాలొస్తే ఆగిపోద్ది. దానికెవలూ ఎంటెక్ ఇవ్వనేదు" అన్నాడు.

మాస్టారు అమ్మాయి వైపు తిరిగారు. "దానికి కనపళ్లేదు, ఆగింది. తప్పేటుందమ్మా? కనపడకపోయినా ఎల్లిపోయేదే ప్రమాదం. ఆగిందని రాసుకో" అన్నారు.

రోడ్డు దాటేటప్పుడు కూడా ఆయన అంతే. ఆర్టీసీ కాంప్లెక్సు ఎదురుగా, రెండు వైపులా ఖాళీ అయ్యేదాకా నిలబడేవారు. మా ఆవిడ బస్సు దిగి ఇంటికొచ్చి, "మాస్టారింకా అక్కడే ఉన్నారు" అని చెప్పిన రోజులున్నాయి.

తర్వాత కాలేజీకి అతిథులు వచ్చే రోజొకటి వచ్చింది. పచ్చిక మీద షామియానా వేశారు. చెరకు గడలకు ఆకులు ఒలిచేసి, ఇసుక నింపిన బకెట్లలో వరుసగా నిలబెట్టారు. ఆకు లేని చెరకు తోట నేను అక్కడే చూశాను. బండి వాటి మధ్య పెళ్లికొడుకులా దర్జాగా వంపులు తిరుగుతూ వెళ్లింది. స్పీకర్ బాక్సు వెనక ల్యాబు ఉద్యోగి ఒకతను, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు అతని దగ్గరకు నడిచి వెళ్లారు. "సేతులు ఎనక్కి పెట్టు నాయనా" అన్నారు. గొంతు పెంచలేదు. అతను పెట్టాడు. బండి ఆగిపోయింది. ప్రదర్శన ముగిసిందనుకుని అతిథులు చప్పట్లు కొట్టారు.

చూసింది చూసినట్టు రాశాను. లోపలి పేజీలో, ఒక మూల వచ్చింది. అదే రోజు అదే పేపరు మొదటి పేజీలో కాలేజీ వారి ప్రకటన, బండి రంగుల ఫొటోతో. ఇంతకంటే నా వృత్తి గురించి చెప్పుకోవడం అనవసరం.

మాస్టారి ఉద్యోగం పోయింది. అమ్మాయికి విభాగాధిపతే గైడు అయ్యారు. థీసిస్‌లో బండి ఆగిన చోట్లన్నీ తీసేయమని, పచ్చిక మీద నడిచినదాన్ని సొంత నడకగా రాయమని ఆయన చెప్పారు. లేకపోతే సంతకం చేయనన్నారు. అమ్మాయి మాస్టారి వరండాలో కూర్చుని ఇదంతా చెబుతుంటే నేను అక్కడే ఉన్నాను. ఆయన ఆమెను పోరాడమనలేదు. "నీ డిగ్రీ నీదమ్మా. సంతకం పెట్టడానికి అక్కడ నేను లేను. ఒక్కటే సెప్తాను. ఆ రాత నమ్మి రేపెవడో ఈ బండిని మనుషుల మధ్యకి వదుల్తాడు" అన్నారు. తర్వాత లోపలికి వెళ్లి ఆమెకు మజ్జిగ తెచ్చి ఇచ్చారు. ఆమె తాగి, గ్లాసు కడిగిపెట్టి వెళ్లిపోయింది. ఆయన గుండె ఆగేనాటికి థీసిస్ ఇంకా ఆమె దగ్గరే ఉంది.

గురువారం కాలేజీలో, షామియానా కింద సంతాప సభ జరిగింది. వేదికంత ఫ్లెక్సీ, అందులో బండి ఫొటో మాస్టారి ముఖం కంటే పెద్దది. ఆయన్ని గెంటేసిన వాళ్లే ఒకరి తర్వాత ఒకరు మైకులో గొంతు గద్గదం చేసుకుని పొగిడారు. ఒకాయన కర్చీఫ్‌తో కళ్లొత్తుకుని, ఫొటోగ్రాఫరు అప్పటికింకా రాలేదని తెలిసి, అతను వచ్చాక ఇంకోసారి ఒత్తుకున్నాడు.  అసలు ఘట్టం ఇంకా ఉంది. బండి తనంతట తానే దండ మోసుకెళ్లి, వేదిక ముందు బల్ల మీదున్న మాస్టారి ఫొటో దగ్గర నిలుస్తుందని ప్రకటించారు. విభాగాధిపతి రిమోట్‌ను అమ్మాయి చేతిలో పెట్టారు. "నువ్వే నడుపమ్మా. నీకైతే అలవాటు. ఎనకెక్కడైనా కూకో" అన్నారు.

అమ్మాయి వెనక కూర్చోలేదు. నేరుగా వేదిక దగ్గరకు వెళ్లింది. ఫొటో ఫ్రేముకు రిమోట్ తగిలించింది. బండి దగ్గరకు తిరిగొచ్చి, వంగి దాని మీట నొక్కి, దాన్ని దాని దారికి వదిలేసింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

బండి కదిలింది. కొంత దూరం వెళ్లింది. షామియానాలోకి గాలి వచ్చింది. ముందు వేలాడుతున్న దండ కెమెరాకు అడ్డంగా ఊగింది. బండి ఆగిపోయింది.

"నెట్టండి, ఎవరైనా బేగి నెట్టండి" అన్నారు విభాగాధిపతి. ఎవరూ లేవలేదు. ఆయన అమ్మాయి పక్కకు వచ్చి, నీ థీసిస్ గతేమిటో ఆలోచించుకున్నావా అని అడగడం ముందు వరుసలో ఉన్న నాకు వినపడింది.

"ఆగిన సోట్లతోనే ఇస్తానండి. సంతకం మీ ఇష్టం" అంది అమ్మాయి.

విభాగాధిపతి సభ వదిలి వెళ్లిపోయారు. వెనక కుర్చీల్లో అమ్మాయి తండ్రి లేచి నిలబడ్డాడు. అతని చేతులు కూడా వెనక్కే ఉన్నాయి. దండ ఫొటో దాకా చేరలేదు. దారి మధ్యలో బండి దీపం మిణుకుమంటోంది. ఫొటోలో మాస్టారి మెడ దగ్గర రిమోట్ వేలాడుతోంది.