లోడు మాట్లాడకూడదు

మా సత్తెనపల్లిలో యలమందయ్య అనే ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. ఖాళీ బండి తెస్తే హెడ్‌లైటు ముట్టుకోడు. ఆ బండి రోజూ ఏం మోస్తుందో అదంతా ఎక్కించి తెస్తేనే స్క్రూడ్రైవర్ తీస్తాడు.

“వెనక బరువు పడితే బండి ముక్కు లేస్తుందండీ. ముక్కు లేస్తే డిమ్ లైటు కూడా ఎదుటివాడి కళ్ళల్లోనే కొడుతుంది. ఖాళీ బండికి సరిచేసి ఏం లాభం?” అంటాడు. మాట సబబే. ఆచరణే ఘోరం.

ఒకసారి దుర్గాప్రసాద్ తన ట్రాలీ ఆటో తెచ్చాడు.

“ఏం తోల్తావురా?”

“మిర్చి టిక్కీలు.”

“ఏవీ?”

“కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి బాబాయ్. వాటికీ లైటుకీ ఏంటి సంబంధం?”

“తీసుకురా, చెప్తా.”

పాపం, ఎత్తి తెచ్చాడు. తీరా ఇక్కడికొచ్చాక ఒక టిక్కీ గోనెసంచి కుట్టు విడిపోయింది. ఆ సాయంత్రం వీధి వీధంతా తుమ్మింది. యలమందయ్య మాత్రం ముక్కుకు తువ్వాలు చుట్టుకుని స్క్రూ తిప్పుతూనే ఉన్నాడు.

చర్చి స్కూలు టీచరు ఫెబా వ్యాను తెస్తే, పిల్లలందరినీ ఎక్కించుకుని రమ్మన్నాడు. ఎడమ లైటు కుదిరేసరికి పిల్లలు రెండు పాటలు పాడారు. కుడి లైటు దగ్గరికొచ్చేసరికి ఆకలన్నారు. తలా ఒక బన్ను తెప్పించి పెట్టాడు. వాళ్ళు తిన్నాక, “ఇప్పుడు బరువు మారింది టీచరు గారూ” అంటూ ఎడమ లైటు మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇక నా సంగతి. నేను రిటైరైన లైబ్రేరియన్ని. ఉన్న ఒకే ఒక్క షోకు, శనివారం శనివారం మా ఆవిడ మాణిక్యమ్మని పాత కారులో అమరావతి, వాళ్ళ అక్క ఇంటికి తీసుకెళ్ళడం. తిరిగొచ్చేసరికి మసక పడుతుంది. ఏడాదిగా ఎదురొచ్చే ప్రతివాడూ “డిమ్ కొట్టవయ్యా” అని అరిచేవాడు. డిమ్ కొడితే నాకు రోడ్డు కనపడేది కాదు. లైటు పాడైందనుకున్నాను.

“ఈసారి బాగవకపోతే కారు అమ్మేయండి. దారి పొడుగునా తిట్లు తినే ఓపిక నాకు లేదు” అంది మాణిక్యమ్మ. కారు పోతే ఆ శనివారాలూ పోతాయి. గుబులుగా యలమందయ్య దగ్గరికి వెళ్ళాను.

“లోడేదండీ?”

“ఏం లోడయ్యా?”

“మీతో ఎవరెక్కుతారు?”

“మా ఆవిడ.”

“తీసుకురండి.”

“నన్ను లోడన్నాడా?” అంటూనే మంచి చీర కట్టుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. నా పక్కన కూర్చుంటే నా డ్రైవింగు చూడాల్సి వస్తుందని ఆవిడ ఎప్పుడూ వెనకే.

ఎదురుగా పత్తి మిల్లు ప్రహరీ. పొద్దు పూర్తిగా వాలాక యలమందయ్య అన్నాడు: “డిమ్ వేసి, ఆ గోడమీద రాసింది చదవండి సార్.”

అక్షరాలు నీళ్ళలో తేలుతున్నట్టున్నాయి. ఊళ్ళో ఏ గోడమీదైనా ఉండేది ఒకటే కదా అని ధైర్యం చేశాను.

“ఇచ్చట మూత్రము పోయరాదు.”

వెనక మాణిక్యమ్మ, “అయ్యో, అదీ...” అని ఏదో అనబోయింది.

“లోడు మాట్లాడకూడదమ్మా” అన్నాడు యలమందయ్య. నావైపు తిరిగి, “కరెక్టుగా చదివారు సార్. మీ తప్పేం లేదు, స్విచ్ పోయింది. సామాను రావడానికి రెండు నెలలు పడుతుంది. బండి ఇక్కడే ఉంచండి” అన్నాడు.

రెండు రోజులకి మా ఇంటికొచ్చాడు. “గుంటూరులో కళ్ళు చూపించుకోవాలండీ. ఒక్కణ్ణే వెళ్ళాలంటే భయం. తోడొస్తారా?” అంత మనిషికి భయమేమిటని జాలిపడి వెళ్ళాను.

డాక్టరమ్మ అతని కళ్ళు నిమిషంలో చూసేసింది. “ఈయనకేమీ లేదు. ఎలాగూ వచ్చారుగా, మీరూ కూర్చోండి” అంది నాతో. నాకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. యలమందయ్య ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యపోవడం అతనికి సరిగా రాదు.

రెండు కళ్ళకీ ఆపరేషన్లయి, డ్రైవ్ చేయొచ్చని డాక్టరమ్మ చెప్పిన మర్నాడే “స్విచ్ వచ్చింది” అని కబురొచ్చింది. చీకటి పడ్డాక లోడుతో సహా వెళ్ళాను. కారెక్కి డిమ్ వేశాను. గోడమీద మూరెడేసి అక్షరాలు: “ఇచ్చట బీడీలు కాల్చరాదు.”

రెండుసార్లు చదివాను. యలమందయ్య బానెట్ కింద తల దూర్చి, ఏదో పడిపోయినట్టు వెతుకుతున్నాడు.

“స్విచ్ మార్చావా యలమందయ్యా?”

“మారాల్సింది మారిందిగా సార్” అన్నాడు, తలెత్తకుండానే.

ఇంటికి వస్తుంటే పత్తి లారీ ఎదురొచ్చింది. డిమ్ కొట్టాను. రోడ్డు శుభ్రంగా కనపడుతోంది. లారీ డ్రైవరు తిట్టలేదు సరికదా, చెయ్యెత్తి వెళ్ళాడు.

“గోడమీద ఏముందో ఆ రోజే నీకు తెలుసన్నమాట” అన్నాను, వెనక్కి తిరక్కుండా. “మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“లోడు మాట్లాడకూడదన్నాడు కదండీ” అంది మాణిక్యమ్మ.