ఎలీషా అడిగిన కాగితాలు

మా ఆయన ఎలీషాకి దేవుణ్ణి తప్ప ఇంకెవర్నీ నమ్మడం చేతకాదు. అమలాపురంలో మాది కారు తాళాల షాపు, వెనకే ఇల్లు. ఉన్న తాళాలన్నీ పోతే, ఇంజనుకి బుర్రలాంటి ఈసీఎం డబ్బాని ఊడదీసి, లాప్‌టాప్‌కి తగిలించి, అందులోని సెక్యూరిటీ కోడ్ చదవాలి. అప్పుడుగానీ కొత్త తాళం పనిచెయ్యదు. ఆ విద్య వచ్చినవాడు ఎవరి కారైనా పట్టుకుపోవచ్చు. అందుకే ఆర్సీ, ఆధార్ చూడందే ఆయన స్క్రూడ్రైవర్ ముట్టరు. ఓసారి పాస్టరుగారినీ కాగితాలడిగారు. ఆ ఆదివారం చర్చిలో నాకు తల కొట్టేసినట్టయింది.

మొన్నామధ్య మా అల్లుడు సాలమోను ఓ తెల్లకారుకి తాడు కట్టించి లాక్కొచ్చాడు. స్నేహితుడిదట, తాళాలు కాలవలో పడిపోయాయట.

"కాగితాలేవి బాబూ?" అన్నారు మా ఆయన.

"వాళ్లు కువైట్లో ఉన్నారండీ మావయ్యగారూ. నామీద నమ్మకం లేదా అండీ?" అల్లుడు మొహం ముడుచుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటల్లుణ్ణి కాగితాలడగడమేమిటి, చోద్యం కాకపోతే! మా అమ్మాయి షైనీ ఆరో నెల కడుపుతో లోపల పడుకుని ఉంది.

"అల్లుడుగారు అలిగి వెళ్లిపోతే పిల్ల గతేంటండీ? చేసివ్వండి!" అని కేకలేశాను.

ఆయన కోడ్ చదివారు. ఆ కారుకి రెండు తాళాలున్నట్టు తెరమీద కనబడింది.

"రెండూ ఒకేసారి పడిపోయేయా బాబూ?"

"ఆయ్," అన్నాడు అల్లుడు, ఎటో చూస్తూ. ఆ జవాబు నాకూ నచ్చలేదు. అయినా కొత్త తాళం ఇచ్చేదాకా మా ఆయన్ని ఊపిరి తీసుకోనివ్వలేదు.

తొమ్మిదోనాడు కొత్తపేట నుంచి గంగాధరరావుగారని ఒకాయన కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకొచ్చారు. ఆయన ఇంటిముందు మాయమైన కారు రామచంద్రపురంలో అమ్మకానికి పెట్టగా దొరికిందట. తాళానికి మా షాపు స్టిక్కరుంది. గంగాధరరావుగారు జేబులోంచి అసలు తాళాలు రెండూ తీసి బల్లమీద పెట్టారు.

"ఎవరికి చేసిచ్చేరండీ?" అన్నాడు కానిస్టేబుల్.

మా ఆయన షైనీ పడుకున్న లోపలిగది వైపు ఓసారి చూశారు.

"ఎవరో తెలీదండీ. కాగితాలు అడగలేదు, తప్పు నాదే. నన్ను తీసుకెళ్లండి."

పాతికేళ్ల కాపురంలో ఆయన నోట అబద్ధం వినడం అదే మొదలు.

"అడిగేరండీ!" అన్నాను. "కాగితాల్లేకుండా చేయించింది నేను. చేయించుకున్నది మా అల్లుడు సాలమోను."

వెనక్కి తిరిగేసరికి షైనీ గుమ్మంలో నిలబడి ఉంది.