చలి దేశానికి పోసే ఆయిలు

మెకానిక్కు అప్పయ్య చేతిలోంచి యజమాని స్పానరు లాక్కుని నీళ్ళ పైపు పెట్టిన రోజున గురునాథం అక్కడే నిలబడి ఉన్నాడు. పరాయి దేశంలో, తువాస్ అనే పారిశ్రామికవాడలో ఉన్న ఆ యార్డులో పాత జనరేటర్లు కొని, విప్పి, బాగుచేసి, రంగు వేసి దేశదేశాలకు పంపుతారు. అలా మంగోలియాకు పంపినది ఒకటి అక్కడి చలిలో మొదటి వారానికే పట్టేసింది. ఆయిలు చిక్కబడి పైకి ఎక్కలేదట, బేరింగులు పోయాయట. "ఎవరు పోశారు?" అన్నాడు యజమాని. పోసింది అప్పయ్య. పొయ్యమన్నది స్టోరు చూసే గురునాథం. పోసినవాడి పేరు అడిగారు గానీ పొయ్యమన్నవాడి పేరు ఎవరూ అడగలేదు. గురునాథం చెప్పలేదు. పదకొండేళ్ళుగా ఇంజన్లు విప్పుతున్న మనిషి ఆ మధ్యాహ్నం నుంచి లారీలు కడుగుతూ ఉండిపోయాడు.

నిజానికి అప్పయ్య ముందే అడిగాడు.

"ఇది సలి దేశం ఎల్తాదంట గదా స్టోరు బావూ. ఈ డ్రమ్ములోది పనికొస్తాదేటి?"

"ఉన్నదే పొయ్యవయ్యా. నీ చలీ నువ్వూనూ!" అన్నాడు గురునాథం, కంప్యూటరు మీంచి తల తిప్పకుండా.

యార్డులో అన్ని ఇంజన్లకూ ఒకటే డ్రమ్ము. దాని మీద 15W-40 అని ఉంటుంది. ఆ అంకెలేమిటని ఎవరూ ఆలోచించరు. ఏడాది పొడుగునా ఉక్కపోసే ఊళ్ళో చలి అంటే ఏసీ రిమోటు మీద కనబడే అంకె, అంతే.

ఏడాదిన్నర గడిచాక మళ్ళీ మంగోలియా నుంచే, వేరే కంపెనీవాళ్ళు ఆరు జనరేటర్లు అడిగారు. "ఈసారి పట్టేస్తే నిన్నే డబ్బాలో పెట్టి పంపుతా గురూ, నువ్వే వెళ్ళి ఊదుకో" అని యజమాని నవ్వాడు. గురునాథానికి నవ్వు రాలేదు. అదే వారం ఎవరెవరి పని పర్మిట్లు పొడిగించాలో ఆ జాబితా టైపు చేసే పని కూడా అతని మీదే పడింది. నవంబరుతో పర్మిట్ అయిపోయేవాళ్ళలో అప్పయ్య ఉన్నాడు. పేరు పక్కన యజమాని ఎర్ర పెన్నుతో రాశాడు: వద్దు, తప్పు ఆయిలు పోసినవాడు. ఆ నాలుగు మాటలనూ గురునాథం తన వేళ్ళతోనే కొట్టాలి. ఒక్క నిజం చెబితే చెరిగిపోయే మాటలవి. ఆ రోజుకి కంప్యూటరు ఆపేసి, కడుగుడు షెడ్డు వైపు నడిచాడు.

"మైనస్ ముప్పైకి ఏ ఆయిలయ్యా?" అన్నాడు, పాత సంగతేదీ ఎత్తకుండా.

అప్పయ్య పైపు కట్టేసి, చేతులు తుడుచుకుని, "ఆదివారం మీ ఇంటికొస్తాను. ఫ్రిజ్జుందా?" అన్నాడు.

ఆదివారం ఉదయం టోవా పాయోలో గురునాథం ఫ్లాటుకి మూడు చిన్న గాజు సీసాలతో దిగాడు. మూడింటిలోనూ తేనెరంగు ఆయిలే. చూపుకి మూడూ ఒకటే. వాటిని ఫ్రీజర్లో పెట్టించి, గురునాథం భార్య రాజకుమారి వడ్డించిన పప్పుచారు రెండుసార్లు వేయించుకున్నాడు. గురునాథం కూతురు ఉజ్వల ఐస్‌క్రీమ్ కోసం ఫ్రీజర్ తెరిచి కేకపెట్టింది.

"నాన్నా! చాక్లెట్ కోన్ పక్కన ఇంజన్ ఆయిలా? ఛీ, సో గ్రాస్ లా!"

"దానికీ ఎండెక్కువైనాది తల్లీ" అన్నాడు అప్పయ్య.

సీసాలు చల్లబడేదాకా లడఖ్ కబుర్లు చెప్పాడు. టెక్కలి దగ్గర పల్లె నుంచి ఇరవై ఏళ్ళ వయసులో రోడ్డు పనికి అక్కడికి వెళ్ళి రెండు చలికాలాలు చేశాడు. చీకటి పడగానే బుల్డోజరులోంచి ఆయిలు దించేసి, డబ్బాని గుడారంలోకి తెచ్చుకునేవారట. పొద్దున్నే పొయ్యి పక్కన వెచ్చబెట్టి మళ్ళీ పోసేవారట.

"పసిపిల్లకి కప్పినట్టు దానికి నా దుప్పటి కప్పీవోణ్ణి. నాను వొణికినా పర్నేదు. అది గడ్డకడితే మేస్త్రీ సంపీసేవోడు."

సాయంత్రానికి సీసాలు తీసి స్టీలు పళ్ళెంలో వరసగా వంచాడు. యార్డు డ్రమ్ములోది తీగపాకంలా కదలడానికే బద్ధకించింది. రెండోది కాస్త నయం. మూడోది, 0W-40, గంజిలా జారి పళ్ళెం అంచు పట్టుకుంది.

"ముందర ఎంత సలో అడగాల. తరవాత ఇంజనుతో వొచ్చిన పుస్తకం సూడాల. డబ్ల్యూ ముందర అంకె ఎంత తగ్గితే సలిలో అంత తొందరగా పారతాది. ఎనకాలది యేడెక్కినాక పని. మన ఫ్రీజరు మైనస్ ఇరవయ్యే. దీనికే ఇలగుంటే ముప్పైకి ఎలగుంటాదో నువ్వే సూసుకో."

వింటున్న రాజకుమారి మామూలుగానే అడిగింది. "ఇంత తెలిసినవారు, అప్పుడు ఆ డ్రమ్ములోది ఎందుకు పోశారన్నయ్యగారూ?"

ఉజ్వల కోన్ చప్పరించడం ఆపి చూస్తోంది. అప్పయ్య పళ్ళెం గుడ్డతో తుడుస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

"ఆ రోజు స్టోర్లో అదే ఉందమ్మా."

తనను తిట్టి ఉంటే గురునాథం తట్టుకునేవాడు. సోమవారం యజమాని ముందు 0W-40 ఆర్డరు కాగితం పెట్టాడు. "ఇంత ఖరీదైనది ఎవరు చెప్పారు?" అన్న ప్రశ్న రాగానే, రెండు జవాబులూ కలిపి ఇచ్చేశాడు. ఈసారి ఎంచింది అప్పయ్య. అప్పుడు పనికొస్తుందా అని అడిగిందీ అప్పయ్యే. పొయ్యమన్నది నేను.

గురునాథం ఆ ఏడాది బోనస్‌కి నీళ్ళొదులుకున్నాడు. యజమాని ఎర్ర అక్షరాలు కొట్టేసి, అప్పయ్యకు స్పానరు తిరిగి ఇవ్వమన్నాడు. కానీ అప్పయ్య అప్పటికే ఓడలు బాగుచేసే ఇంకో యార్డుకి మాట ఇచ్చేశాడు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే అన్నాడు. ఏడాదిన్నర పాటు మెకానిక్కు చేత లారీలు కడిగించినచోట మెకానిక్కు మిగలడు మరి.

వెళ్ళే రోజుకి కొత్త ఆయిలు ఇంకా ఓడలోనే ఉంది. గేటు దగ్గర లారీ ఆగి ఉంది. గురునాథం సంచీ అందిస్తూ, "అప్పయ్యా, ఆ రోజు నేను…" అన్నాడు. అప్పయ్య లారీ ఎక్కి, పక్కపలక పట్టుకుని, కిందికి వంగాడు.

"స్టోరు బావూ, ఆ ఆరు జనరేటర్లకీ టెస్టు రన్నుకి డ్రమ్ములోదే పోసినారు. దించీసినా ఫిల్టర్లో పాతది ఉండిపోతాది. ఫిల్టర్లు కూడా మార్పించీ, మరిసిపోకు."