మడత విప్పక ముందే

కొత్త ఖద్దరు మడతలోంచి గంజి వాసన వస్తే ఇప్పటికీ నేను నడుం నిటారుగా పెట్టి కూర్చుంటాను. నిన్న హైదరాబాదులో, మా ఆఫీసు మీటింగు మొదలవబోతుండగా, పక్క సీటు అమ్మాయి పొందూరు చీర పార్సిలు విప్పింది. అంతే, శ్రీకాకుళంలోని బట్టల కొట్టూ, గల్లా దగ్గర పార్వతమ్మగారూ కళ్లముందుకొచ్చేశారు.

మా ఊళ్లో స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులవి. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న నన్ను, కొట్టుకి వెబ్‌సైటు చేసిపెట్టమని ఆవిడ పిలిపించారు. కూర్చోబోతుంటే ఆపారు. "ఉండవే గుంటా. జీతం తక్కువ. ఆదోరం కూడా రావాల. నాకు కోపం ఎక్కువ, అరుత్తాను. ఇయ్యన్నీ ఇన్నావు కదా, ఇప్పుడు కూర్సో." నవ్వొచ్చింది. కూర్చున్నాను. అరుస్తారన్న మాట మాత్రం అక్షరాలా నిజం.

ఆ కొట్లో చీర మడత విప్పక ముందే ధర చెప్పేయాలి, ఫాల్ కుట్టే ఖర్చుతో సహా. "బుజం మీద సీర పడ్డాక ధర సెప్తే, నచ్చి కొనరే. మొగమాటానికి కొంటారు" అనేవారు. ఒట్టి చాదస్తం అనుకునేదాన్ని. అందుకే సైటులో నా తెలివి చూపించాను. చీర ధర ఒక్కటే పెద్దక్షరాల్లో పెట్టి, ప్యాకింగు, కొరియరు ఖర్చులు డబ్బు కట్టే చివరి పేజీలో కలిపాను. ఆర్డర్లు జోరుగా వచ్చాయి.

ఒకరోజు సాలూరు నుంచి ఒక లారీ డ్రైవరు ఫోను చేశాడు. ఆవిడ స్పీకరు నొక్కారు. "సీర బాగున్నాదమ్మా. కాపోతే ఆర్డరెట్టినప్పుడు మా ఆడది పక్కనే ఉన్నాది, సీర వచ్చేస్తాదని నవ్వుతన్నాది. కడాకరికి ఇంకో నూటేబై అని సూపించింది. అప్పుడు ఒద్దని ఎలాగంతాను?"

ఆవిడ అరవలేదు. అందుకే నాకు భయమేసింది. "మడత ఇప్పేసి ధర సెప్పేవే నువ్వు" అన్నారు. అతని నూటయాభై వెనక్కి పంపించి, మొత్తం ధర చీర ఫోటో పక్కనే పెట్టమన్నారు.

"ఆర్డర్లు పడిపోతాయమ్మా. సైటు మూతపడితే నా ఉద్యోగం?" ఏడుపొచ్చేసింది.

"పడిపోనీ. నీ జీతం నాను సూసుకుంతాను. అందాకా కొట్లో నిలబడి ధర సెప్పడం నేర్సుకో."

నిజంగానే పడిపోయాయి. రెండు వారాలు ఒక్క ఆర్డరూ లేదు. కొట్లో నేను ధర చెప్పగానే కొందరు లేచి వెళ్లిపోయేవారు. నా మొహం చూసి పార్వతమ్మగారు, "కోపంగా ఎల్లేరేటి? నేదు కదా. మరేటి నీ బాద?" అనేవారు. తర్వాత సైటు మెల్లగా కోలుకుంది కానీ మునుపటంత జోరు మళ్లీ రాలేదు. నా జీతం మాత్రం ఒక్క నెల కూడా ఆగలేదు. ఆవిడ ఇప్పుడు లేరు. ఆ అరుపుల కోసం నాకు చాలా బెంగగా ఉంటుంది.

నిన్నటి మీటింగులో మా మేనేజరు, "సర్వీసు ఫీజు చివరి పేజీలో చూపిద్దాం. అప్పటికి ఎవరూ వెనక్కి తగ్గరు" అన్నాడు. నేను లేచి నిలబడి కుదరదన్నాను. ఫీజు మొదటి పేజీలోనే ఉండాలన్నాను.

"అమ్మకాలు తగ్గితే బాధ్యత నీదే."

"నాదే. నాకు కోపం కూడా ఎక్కువ, అరుస్తాను. ముందే చెప్తున్నాను."

చెప్పాకే కూర్చున్నాను.