తాబేలుకు రెయిలింగ్

ఆ వీధి చివరి వడ్రంగికి ఉన్నది ఒకటే జబ్బు. ఏ వస్తువు ఎవరి కోసం చేస్తున్నాడో, ముందు తాను వాళ్ళయిపోయి చూడాలి. చూడనిదే ఉలి పట్టడు.

దర్జీ ఒక బల్ల కావాలన్నాడు. కొలతలు ఇస్తే చాలవన్నాడు వడ్రంగి. ఒక పూటంతా దర్జీ కుర్చీలో కూర్చుని, లేని బట్టను లేని మిషను మీద కుట్టాడు. రవికలు ఇద్దామని వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు కొత్త దర్జీకి మతి సరిగా లేదనుకుని వెనక్కి పోయారు. అయితే ఆ బల్ల వచ్చాక దర్జీ నడుం నొప్పి పోయింది కాబట్టి, పోయిన గిరాకీ సంగతి ఆయన ఎక్కడా ఎత్తలేదు.

పక్కింటి పసిపాపకు మంచం చేసినప్పుడు వడ్రంగి అందులో ముడుచుకుని పడుకున్నాడు. లేవబోతే ఒక పక్క ఊడి చేతికొచ్చింది. పాప అంత బరువుండదు కదా అంది భార్య. పాపను ఎత్తుకోవడానికి వంగినప్పుడు వాళ్ళమ్మ ఆనుకునేది ఆ పక్కకే కదా అని, అక్కడ మందం చెక్క వేసి మళ్ళీ బిగించాడు.

భార్యకు ఇవన్నీ అలవాటైపోయాయి. "అమ్మా, మీ ఆయన మా వంటగదిలో నేల మీద బోర్లా పడుకున్నాడు, ఏం చెయ్యమంటారు" అని ఎవరైనా ఫోన్ చేస్తే, "తొక్కకుండా తిరగండి" అని చెప్పి తన పని చూసుకునేది.

ఆమె దిగులల్లా తండ్రి గురించే. ఆయన రైలు గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. కూతురి దగ్గరే ఉంటాడు. పెరట్లోకి దిగే మెట్ల మీద జారి పడ్డప్పటి నుంచి గది దాటడం మానేశాడు. ఎముక అతుక్కుంది, మోకాళ్ళు మాత్రం బిగుసుకుపోయాయి. నడవకపోతే మంచం పట్టడమేనని డాక్టరు తేల్చి చెప్పాడు. కూతురు చేతికర్ర కొనిస్తే దాని మీద తువ్వాలు ఆరేశాడు. పట్టుకుని నడిచే స్టాండు తెస్తే, వెడల్పుగా ఉంది గదా అని దాని మీద లుంగీ ఆరేశాడు. చెయ్యి పట్టుకోబోతే ఆ పూట భోజనం మానేశాడు.

"పరిగెత్తే రైల్లో దేన్నీ పట్టుకోకుండా నడిచినవాణ్ణి. ఇంట్లో నడవడానికి నాకు ఆసరానా?"

ఆయన గదిలో ఆయనతో పాటు ఒక తాబేలు ఉండేది. పేరు దొర. కాపురం ప్లాస్టిక్ టబ్బులో. లోకంలో ఎవరి మాటా వినని పెద్దాయన ఒక్క దొర మాటే వింటాడని కూతురు అనేది. దొర నోరు విప్పదు కాబట్టి ఇద్దరికీ పొత్తు కుదిరింది.

ఉన్నట్టుండి దొర తిండి మానేసింది. పెంకు అంచు నొక్కితే మెత్తగా తగిలింది. పశువుల డాక్టరు వచ్చి, టబ్బులోకి ఓసారి తొంగి చూసి, ఇది ఇల్లు కాదు జైలన్నాడు. నున్నటి అడుగు మీద కాళ్ళు నిలవడం లేదట. దీనికి ఎండ కావాలి, మట్టి కావాలి, నడక కావాలి, ఇలా గదిలోనే ఉంచితే ఆట్టే కాలం బతకదు అన్నాడు. ఆ మాటకు కూతురు దొరను కాక తండ్రిని చూసింది. తండ్రి గోడను చూశాడు.

డాక్టరు వెళ్ళాక పెద్దాయన అల్లుణ్ణి పిలిచి, దొరకు పెరట్లో ఒక ఇల్లు కట్టమన్నాడు. అల్లుడు సగం పిచ్చివాడని ఆయన నమ్మకం. అయినా అడిగాడంటే ప్రాణం మీదకొచ్చిందన్నమాటే.

మర్నాడు పొద్దున భార్యకు బట్టలు నానబెట్టే బేసిను కనబడలేదు. వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్తే, అది మొగుడి వీపు మీద తాడుతో కట్టి ఉంది. మోచేతుల మీద పాక్కుంటూ గోడ వారగా పోతున్నాడు. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసింది.

"మీ ఆయనకేమైందమ్మా?"

"తాబేలయ్యారు."

"ఎప్పటిదాకా?"

"సాయంత్రానికి తేలిపోవచ్చు."

ఒక మూలన, సగం ఎండ సగం నీడ పడేచోట, ముందు ఇనప వల చుట్టి దొరను వదిలాడు. దొర తిండి సంగతి మరిచిపోయి వలను ముక్కుతో నెడుతూ కూర్చుంది. వడ్రంగి కూడా పక్కన పడుకుని, తన ముక్కు వలకు ఆనించి చూశాడు. అవతల ఉన్నది కనబడుతుంటే ఎవరు మాత్రం నెట్టకుండా ఉంటారని, వల పీకేసి చెక్కలు కట్టాడు. దారి కనబడక దొర నెట్టడం మానేసింది. లోపల తవ్వుకోవడానికి గుల్ల మట్టి పోశాడు. నీళ్ళకు లోతులేని పళ్ళెం పెట్టాడు. ముక్కు మునగకూడదని ముందు తన ముక్కు ముంచి చూసుకున్నాడు.

రాత్రి చలికి దొర గదిలో పడుకోవాలి, పగలు పెరట్లోకి రావాలి. మధ్యలో మెట్లున్నాయి. అందుకని మెట్ల మీదుగా ర్యాంపు మొదలుపెట్టాడు. అది రోజురోజుకూ వెడల్పయింది. కాలు జారకుండా అడ్డంగా సన్న పట్టీలు కొట్టాడు. ఒక పక్క రెయిలింగ్ కూడా లేచింది. పెద్దాయన కిటికీలోంచి చూస్తూ ఊరుకోలేకపోయాడు.

"తాబేలు పోవడానికా, లారీ పోవడానికా?"

"దొర సూటిగా నడవదు మామయ్యా. అటూ ఇటూ పోతుంది."

"మరి రెయిలింగ్ ఎందుకోయ్? దానికి చేతులున్నాయా?"

"వెనకాల నడిచేవాళ్ళు తూలితే దొర మీద పడతారు కదండీ."

పెద్దాయన నుదురు కొట్టుకున్నాడు. కూతురికీ తల కొట్టేసినట్టయింది. దొరను చేత్తో ఎత్తుకుని దింపితే పోయేదానికి ఇంత కలప దండగా అని మొగుణ్ణి నిలదీసింది. ఎత్తితే దొర నొచ్చుకుంటుంది, తన కాళ్ళతో తాను పోవాలి అన్నాడతను, రంపం ఆపకుండా.

మధ్యాహ్నం తండ్రి కునుకు తీస్తుండగా ఆమె ఆరిన బట్టలు తీయడానికి వెళ్ళింది. ర్యాంపు మీద మొగుడున్నాడు. ఈసారి వీపు మీద బేసిను లేదు. పాకడమూ లేదు. నిటారుగా నిలబడి ఉన్నాడు. మోకాళ్ళు వంగకుండా రెండు కాళ్ళకూ చెక్క బద్దలు కట్టుకుని, రెయిలింగ్ పట్టుకుని, చిన్న చిన్న అడుగులేస్తూ ఎక్కుతున్నాడు. సగం దారిలో ఆగాడు. చెయ్యి ఆనిన చోట పెన్సిల్‌తో గీత గీశాడు. మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కాడు.

ఈ నడక ఆమెకు తెలుసు. అది దొర నడక కాదు.

తీసిన బట్టలు మళ్ళీ తీగ మీదే వేసి, చప్పుడు చెయ్యకుండా లోపలికి వచ్చేసింది.

ర్యాంపు పూర్తయ్యాక దొరను పెరట్లో దింపి ఆకులు వేశారు. దొర తల లోపలికి లాక్కుంది. నా చేత్తో పెడితే తినడం లేదని వడ్రంగి వచ్చి చెప్పాడు. పెద్దాయన మండిపడ్డాడు. కొత్తవాళ్ళు పెడితే ఎట్లా తింటాడని, ఆకుల గిన్నె తీసుకుని లేచాడు. గడప దగ్గర ఆగాడు. ర్యాంపును చూశాడు. ఇటు చూశాడు. కూతురు గబుక్కున అలమరలో ఏదో వెతకసాగింది. అల్లుడు ఉలి పదును చూసుకుంటున్నాడు. రెయిలింగ్ కిర్రుమంది. కాసేపటికి పెరట్లోంచి దొరను కసురుతున్న గొంతు వినిపించింది. దొర తింటోంది.

అప్పటి నుంచి రోజూ అదే వరస. దొరకు చలి పోయే దాకా తోడుండాలని పొద్దున పోతాడు, చీకటి పడేలోగా చూడాలని సాయంత్రం పోతాడు. దొర పెంకు గట్టిపడింది. ర్యాంపు మీద మాత్రం అది ఒక్కనాడూ కాలు పెట్టలేదు. పెద్దాయనే దాన్ని ఒక చేత్తో చంకన పెట్టుకుని తెస్తాడు, తీసుకుపోతాడు. రెండో చెయ్యి ఎక్కడుందో ఇంట్లో ఎవరూ చూడరు.

ఒకరోజు పెరట్లోంచి కేకేశాడు.

"అల్లుడూ, దొర ఎండలో ఉన్నంతసేపూ కాపలా ఉండాలోయ్. ఇక్కడో బల్ల వేస్తే బాగుంటుంది. దొర కోసమే."

వడ్రంగి వచ్చి, బల్ల పడాల్సిన చోట నిలబడి, కాళ్ళు బిగబట్టి మెల్లగా గాల్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. పెద్దాయన కాసేపు చూశాడు.

"అంత కిందికి కాదు. నా మోకాళ్ళు అక్కడిదాకా వంగవు."

వడ్రంగి కొద్దిగా పైకి లేచాడు.

"ఇప్పుడు, మామయ్యా?"

"ఆఁ. అక్కడే ఉండు" అని పెద్దాయన దొరకు ఆకు అందించడానికి వెళ్ళిపోయాడు.

వడ్రంగి లేని బల్ల మీద అలాగే కూర్చుని ఉన్నాడు. భార్య కొలత టేపు తీసుకుని బయలుదేరింది.